మెక్సికోలో నా చదువు

మెక్సికో నగరము ఒక సరస్సుపై కట్టబడినది. ఇది అలంకారముగా చెప్పిన మాట కాదు. 1325వ సంవత్సర ప్రాంతమున అజ్టెక్కు జాతివారు టెస్కోకో సరస్సు నడుమ నున్న ఒక చిన్న దీవిపై తెనోచ్‌తిత్లాన్ అను పట్టణమును నిర్మించుకొనిరి. అందు పెక్కు వీధులు కాలువలే. బండ్లకు మాఱుగా పడవలు తిరుగుచుండెడివి. 1521లో స్పెయినువారు ఆ పట్టణమును జయించి, దాని శిథిలములపైననే తమ రాజధానిని లేపిరి. పిమ్మట వరదల భయముచేత సరస్సు నీటిని కొండలను త్రవ్వి వెలుపలికి మళ్లించిరి. నీరు పోయెను, అడుగున నున్న బంకమన్ను మిగిలెను. ఆ మంటిలో కొన్ని చోట్ల మట్టి బరువుకంటె నీటి బరువు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అట్టి నేలపై నేడు పరిసర గ్రామములతో కలిపి రెండు కోట్లకు పైబడిన జనము కాపురముండుచున్నది.

ఇండ్ల పునాదులను గూర్చియు, వానిని మోయు నేలలను గూర్చియు చదువదలచిన వానికి ఇంతకంటె మంచి గ్రంథము మఱియొకటి దొరకదు. అందుచేతనే 2017 జనవరిలో నేను మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయమునకు ప్రయాణమైతిని. మా బంధువులకు ఇది రుచింపలేదు. "అమెరికాకు పోవుననుకొంటిమి, దాని ప్రక్క దేశమునకు పోవుచున్నాడట!" అని కొందఱు జాలిపడిరి. మా యమ్మ మాత్రము "అచ్చట అన్నము దొరకునా?" అని ఒక్క ప్రశ్న వేసెను. దొరకును. కాని ఆ దేశస్థులు అన్నమును భోజనమున ఒక చిన్న వంతుగా తిని, అసలు భోజనమును మొక్కజొన్న రొట్టెలతో సాగింతురు.

అచ్చట తరగతులన్నియు స్పానిషు భాషలో జరుగును. విదేశీయులకు ఆ భాష నేర్పుటకై విశ్వవిద్యాలయమువారు 1921లో ఒక వేసవి పాఠశాలను ప్రారంభించిరి. అదియే పెరిగి నేడు పెద్ద బోధనశాలయైనది. తొలి నెలలలో నా ప్రాతఃకాలములన్నియు అచ్చటనే గడచినవి. నాతో చదివినవారిలో జపానువారు, అమెరికావారు, జర్మనులు ఉండిరి. పలుకుబడి విషయమున వారందఱికంటె నాకు పని తేలికయైనది. ఇది నా గొప్ప కాదు, తెలుగు గొప్ప. స్పానిషువారు త, దలను మనవలెనే పంటికి నాలుక ఆనించి పలుకుదురు. వారి పదములలో పెక్కు అచ్చులతో ముగియును. క్రియలోనే కర్త అణగియుండును. "ఆబ్లో" అనినచో "మాటలాడుచున్నాను" అని యర్థము. "నేను" అని వేఱుగా చెప్పనక్కఱలేదు.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపఱచినది శకటరేఫము. మన వ్యాకరణములలో ర, ఱ అను రెండక్షరములు కలవు. మన నోళ్లలో వానికి భేదము ఎన్నడో నశించినది, వ్రాతలోను నశించుచున్నది. స్పానిషులో ఆ భేదము నేటికిని సజీవముగా నున్నది. "పెరో" అనగా "కాని". "పెఱ్ఱో" అనగా "కుక్క". ఉపాధ్యాయిని నాలుకను అదలించుచు "పెఱ్ఱో" అని పలికినపుడు, చిన్నయసూరి వ్యాకరణమును కంఠస్థము చేసిన మా తాతగారు నాకు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన మాత్రమే ఆ యక్షరమును విడిగా పలుకగా నేను వినియుంటిని. చిన్ననాడు మేము నవ్వెడివారము.

పలుకు కుదిరినంత మాత్రమున భాష వచ్చినట్లు కాదు. పైగా ఉచ్చారణ బాగుగా నుండుటవలన ఒక చిక్కు కలిగెను. నేను ఒక్క వాక్యము చక్కగా పలుకగానే ఎదుటివారు నాకు అంతయు వచ్చునని తలచి, గోదావరి వరదవలె మాటలాడ మొదలిడెడివారు. అప్పుడు నేను తల యూచుచు నిలుచుండెడివాడను. తరగతిలో బల్ల స్త్రీలింగమనియు, పుస్తకము పుంలింగమనియు నేర్చుకొంటిని. దానికి కారణ మడుగరాదు.

నేను నర్వార్తే అను పేటలో ఒక ముసలమ్మ యింట గదిని అద్దెకు తీసికొంటిని. ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి. పేటవారందఱు ఆమెను "అబ్వెలీతా" అందురు, అనగా "అవ్వ". ఆమె నన్ను "మీహో" అని పిలుచును. అది మన "నాయనా" వంటి మాట. నేను ఆమెను "ఊస్తెద్" అని గౌరవించి మాటలాడుదును. స్పానిషులోను మనవలెనే "నీవు", "మీరు" అను భేదము కలదు. పాఠశాలలో దొరకని భాషను ఆమె నాకు వంటయింట నేర్పెను. మర్యాదస్థుడైన మెక్సికో పౌరుడు తన యింటిని గూర్చి చెప్పునపుడు "మీ యిల్లు" అనునట. "ఆదివారము మీ యింట భోజనము" అని ఎవరైన పలికినచో, పిలుపు వారింటికేగాని మన యింటికి కాదు. ఈ సంగతి అవ్వ ముందుగా చెప్పకున్నచో, మా ఆచార్యుడు అట్లు పిలిచిననాడు ఆయనకు నేనేమి వండిపెట్టుదునాయని వారమంతయు చింతించియుందును. ఇంకొక వింత. మన దేశస్థుడు ఏ మతమువాడైనను అచ్చటివారు "ఇందూ" అందురు. "ఇందియో" అనుమాట ఆ దేశపు ఆదివాసులకు చెల్లును. అదియు గౌరవమైన మాట కాదు. కొలంబసు తాను చేరినది మన దేశమే యనుకొన్నందులకు ఐదువందల యేండ్ల తరువాత గూడ ఈ తికమక తీఱలేదు.

అవ్వ వంటలో నాకు పరాయిదనము కనబడలేదు. మిరపకాయ ఆ దేశపు పంట. అచ్చటినుండి పోర్చుగీసువారి యోడలమీద అది మన తీరమునకు వచ్చినది. గుంటూరు మిరపను ఎఱుగనివారు మనలో లేరు; దాని పుట్టినిల్లు మెక్సికో యని ఎఱిగినవారు కొందఱే. టమాటయు, మొక్కజొన్నయు, బంతిపూవును అట్లే వచ్చినవి. దానికి బదులుగా మన మామిడి ఆ దేశమును చేరినది. 1565 మొదలు 1815 వఱకు ఫిలిప్పైన్సులోని మనీలాకును మెక్సికోలోని అకపుల్కో రేవునకును ఓడలు తిరిగెడివి. అందుచేత అచ్చట ఒక జాతి మామిడికి మనీలా యనియే పేరు. వీథి మూలలయందు మామిడి ముక్కలపై ఉప్పును, కారమును చల్లి, నిమ్మరసము పిండి అమ్ముదురు. మొదటిసారి దానిని తిన్ననాడు నేను ఇంటికి దూరముగా నున్నానను దిగులు ఒక గంటసేపు లేకుండెను.

ఇక నా చదువు. మా యాచార్యుడు మమ్ము తఱచుగా నగరమున నడిపించి పాఠము చెప్పెడివాడు. నగరము సంవత్సర సంవత్సరము క్రుంగుచున్నది. ఎందుకనగా జనమునకు త్రాగునీటికై భూగర్భజలమును తోడుచున్నారు. నీరు తఱిగినకొలది బంకమన్ను అణగుచున్నది. 1910లో కట్టిన స్వాతంత్ర్య స్మారకస్తంభమునకు పునాది లోతుగా నుండుటవలన అది క్రుంగలేదు. చుట్టునున్న వీథి క్రుంగినది. అందుచేత స్తంభమును చేరుటకు తరువాత పదునాలుగు మెట్లు చేర్పవలసి వచ్చెను. చక్కని చలువరాతి కళామందిరమొకటి తన బరువునకు తానే మీటరులకొలది లోనికి దిగినది. ఇంజనీరులు చేయు తప్పులను ఇంత విశదముగా చూపు పట్టణము వేఱొకటి లేదని ఆయన నవ్వుచు చెప్పెడివాడు. అయినను 1956లో పూర్తియైన నలుబది నాలుగంతస్తుల భవనమును చూపునపుడు ఆయన కంఠమున గర్వము ధ్వనించెడిది. అది మూడు పెద్ద భూకంపములకు తట్టుకొని నిలిచినది.

విశ్వవిద్యాలయము మాత్రము సరస్సు నేలపై లేదు. సుమారు 1,700 ఏండ్ల క్రిందట షిత్లే యను అగ్నిపర్వతము క్రక్కిన లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాతి బయలుపై దానిని 1950 ప్రాంతమున కట్టిరి. నడుమ గ్రంథాలయ మున్నది. దాని నాలుగు ముఖములందును హువాన్ ఓగోర్మన్ అను చిత్రకారుడు ఆ దేశపు చరిత్రనంతయు రంగురంగుల రాళ్లను పొదిగి చిత్రించెను. రంగు పూయలేదు, చాలవఱకు దేశపు మూలమూలలనుండి తెచ్చిన సహజమైన రాళ్లు అవి. ఆ గోడను ఎంతసేపు చూచినను నాకు తనివి తీఱలేదు.

2017 సెప్టెంబరు 7వ తేది రాత్రి పండ్రెండు గంటలు కావచ్చుచుండగా వీథిలోని కొమ్ములు ఒక్కసారిగా కూయసాగెను. సముద్రతీరమున భూకంపము పుట్టగానే అచ్చటి యంత్రములు విద్యుత్తరంగములద్వారా నగరమునకు కబురంపును. భూమి అలలకంటె ఆ కబురు వేగముగా వచ్చును. ఆ నడుమ దొరకు కొద్దిపాటి వ్యవధియే ప్రాణరక్షణ. ఆ రాత్రి మాకు ఒక నిమిషమునకు పైగా దొరకెను. నేను అవ్వ చేయి పట్టుకొని మెట్లు దిగించితిని. వీథిదీపములు ఊగెను, తీగలు మెఱసెను. మా పేటలో ఎవరికిని హాని కలుగలేదు. కాని దక్షిణమున వాహాకా, చియాపస్ రాష్ట్రములలో సుమారు నూరుగురు మరణించిరి.

పండ్రెండు దినములు గడచెను. సెప్టెంబరు 19 ఆ నగరమునకు మఱపురాని తేది. 1985లో అదే దినమున ఉదయము 7 గంటల 19 నిమిషములకు గొప్ప భూకంపము వచ్చి వేలకొలది జనులు మరణించిరి. అది పుట్టినది మూడువందల యేబది కిలోమీటర్ల దూరమున, పసిఫిక్ తీరమున. అంతదూరము వచ్చిన అలలు బలహీనమై పోవలసినది. కాని సరస్సు బంకమన్ను వానిని అందుకొని పెద్దవి చేసెను. ఊయలను సరియైన అదనున చిన్నగా త్రోసినను అది ఎత్తునకు పోవును గదా. అలల ఊపును, నేల ఊపును, కొన్ని భవనముల ఊపును ఒక్కటియైనందున ఆ భవనములు కూలెను. ఆ దినము అవ్వ తమ్ముడు ఒక కుట్టుపని శాలలో పనిచేయుచు మరణించెను. ప్రతి యేడును ఆమె ఆ యుదయమున ఒక వత్తిని వెలిగించును. 2017లోను వెలిగించి, నాకు కాఫీ యిచ్చి, "పదునొకండు గంటలకు కొమ్ములు కూయును, అభ్యాసమే, భయపడకు" అని చెప్పి పంపెను. ఆ స్మారకదినమున నగరమంతయు ఇండ్ల వెలుపలికి వచ్చు అభ్యాసము చేయుట ఆచారము.

పదునొకండు గంటలకు మేమందఱము నవ్వుచు తరగతులనుండి వెలుపలికి వచ్చి, మరల లోనికి పోయితిమి. ఒంటిగంట 14 నిమిషములకు నేల నిజముగా కదలెను. ఈసారి భూకంపము పుట్టినది నూటయిరువది కిలోమీటర్ల దూరముననే; అందుచేత కొమ్ముల కూతయు, నేల కదలికయు ఇంచుమించు ఒకేసారి వచ్చెను. విశ్వవిద్యాలయము నల్లరాతిపై నుండుటచేత అచ్చట ఏ భవనమును కూలలేదు. గోడలు కిఱకిఱలాడెను, కిటికీ అద్దములు పగిలెను, అంతే. కాని మైదానమున నిలిచి ఉత్తరమువైపు చూడగా నగరముపై అక్కడక్కడ ధూళి మేఘములు లేచుచుండెను. మా యాచార్యుడు ఆ మేఘములను చూచి ఒక్క మాటయు పలుకలేదు. ఏ పేట ఏ నేలపై నున్నదో ఆయనకు తెలియును. నాకును తెలియును. నర్వార్తే సరస్సు నేలపై నున్నది.

టెలిఫోనులు పలుకలేదు. బస్సులు నిలిచిపోయినవి. నేను ఇన్సుర్హెంతెస్ అను రాజమార్గము పట్టి నడచితిని. వేలకొలది జనము నడచుచుండిరి. ఒకరును అఱచుట లేదు. కూడలులయందు దీపములు ఆరిపోగా, ఎవరో కుఱ్ఱవాండ్రు చొక్కాలు విప్పి ఊపుచు బండ్లను నడపించుచుండిరి. ఒకచోట గ్యాసు వాసన వచ్చుచున్నదనియు, చుట్టు పొమ్మనియు ఒక స్త్రీ చెప్పెను. అంతవఱకు వేగముగా మాటలాడువారి భాష నాకు సగమే అందెడిది. ఆ దినమున ప్రతి మాటయు అందెను. ఎట్లందెనో నేను చెప్పలేను. రెండు గంటలు నడచి మా వీథి మలుపు తిరుగునపుడు నా కాళ్లు ఆడలేదు.

మా యిల్లు నిలిచియున్నది. గోడపై మూలనుండి మూలకు నెఱ్ఱె పాఱినది. అవ్వ వీథి నడుమ కుర్చీ వేసికొని, ఇరుగుపొరుగు స్త్రీలచేత రొట్టెలలో చిక్కుడు ముద్ద పెట్టించి పొట్లములు కట్టించుచుండెను. నన్ను చూచి కన్నులు తుడుచుకొనెను, వెంటనే "భోజనము చేసితివా?" అని అడిగెను. నేను ఆమె చెంత కూర్చుండబోగా ఒప్పుకొనలేదు. "1985లో ప్రభుత్వమువారు వచ్చువఱకు కనిపెట్టుకొనియుండినచో ఒక్కరును బ్రతికియుండరు. జనమే చేతులతో త్రవ్విరి. నీవు నేలలను గూర్చి చదువవచ్చినవాడవు. ఇచ్చట కూర్చుండి ఏమి చేయుదువు? పొమ్ము!" అని, తోటపనికి వాడు తోలు చేతొడుగులను నా కిచ్చెను.

నాలుగు వీథుల అవతల ఆఱంతస్తుల భవనమొకటి కూలి, అప్పడముల దొంతివలె అంతస్తుపై అంతస్తు పడియుండెను. జనము రెండు వరుసలుగా నిలిచి, శిథిలములను బకెట్లతో చేతినుండి చేతికి అందించుచుండిరి. ఒక వరుసలో నిండినవి వచ్చును, రెండవదానిలో ఖాళీవి పోవును. నేనొక తాపీపనివానికిని, ఒక బ్యాంకు ఉద్యోగినికిని నడుమ నిలిచితిని. పార, గునపము, తాడు, గుంజ అను మాటలను పాఠశాలలో నాకెవరును నేర్పలేదు. అచ్చట గడియలో వచ్చినవి. తాపీపనివాడు నా దేశమేదని అడిగి, "ఇందూ" అని తెలిసికొని, "బకెట్టును అడుగున పట్టుకొనుము, నడుము నొవ్వదు" అని చెప్పెను. మన ఊళ్లలో పందిరి గుంజలు మోయువారు చెప్పు మాటయే.

ఉన్నట్టుండి శిథిలములపై నున్న ఒకడు పిడికిలి బిగించి చేయి పైకెత్తెను. క్రిందనున్నవారు అట్లే యెత్తిరి. ఆ పిడికిళ్లు వీథి చివరవఱకు అలవలె సాగెను. యంత్రములు ఆగెను. మాటలు ఆగెను. వేయిమంది ఊపిరి బిగబట్టి నిలిచిరి. లోపలినుండి ఎవరైన పలుకుదురేమో యని వినుటకు అది సంకేతము. అంతటి నగరమున అంతటి నిశ్శబ్దమును నేనెన్నడు నెఱుగను. ఎక్కడో ఒక కుక్క మొఱిగెను. దాని యజమాని దాని మూతిని గుండెలకు అదుముకొనెను. పిడికిళ్లు దిగెను, మరల బకెట్లు కదలెను. ఈరీతిగా ఆ రాత్రి ఎన్నిమారులు జరిగెనో లెక్కింపలేదు. తెల్లవాఱుజామున ఒకసారి పిడికిళ్లు చాలసేపు దిగలేదు. తరువాత ఒక స్త్రీని బల్లమీద వెలుపలికి తెచ్చిరి. ఆమె చేయి కదలుచుండెను. ఎవరో పాట యెత్తుకొనిరి, అందఱును పాడిరి. తాపీపనివాడు పాడలేదు. అతడు బకెట్టుపై కూర్చుండి మోకాళ్లలో తల దూర్చి ఏడ్చెను.

తరువాతి దినములలో విశ్వవిద్యాలయపు ఒలింపిక్ క్రీడాస్థలము ధర్మశాలయైనది. అచ్చటికి బండ్లకొలది మందులు, దుప్పట్లు, ఆహారము వచ్చి పడెను. విద్యార్థులము వానిని వేఱుపఱచి, లేనిచోట్లకు పంపితిమి. పొట్లములపై "ధైర్యము మెక్సికో" అని పిల్లల వ్రాతలో వ్రాసియుండెను. ఫ్రీదా యను నౌకాదళపు కుక్క కంటికి అద్దములు, కాళ్లకు జోళ్లు తొడిగికొని శిథిలములను వాసన చూచుట వార్తలలో కనబడి దేశమంతయు దానిని ముద్దుచేసెను. (అది 2022లో మరణించినది.) మొత్తముమీద ఆ భూకంపమున 369 మంది చనిపోయిరి, వారిలో 228 మంది నగరమునందు. తరగతులు తెఱచిన పిమ్మట మా యాచార్యుడు కూలిన భవనముల పటమును సరస్సు పటముపై పెట్టి చూపెను. అవి ఇంచుమించు ఒకే గీత వెంబడి నుండెను. ఆ పాఠమును మేము వ్రాసికొనలేదు.

నవంబరు 2వ తేది అచ్చట పితృదినము. ఆనాడు చనిపోయినవారు ఇంటికి వత్తురని నమ్మి, మేజాపై వస్త్రము పఱచి, వారి చిత్రపటములు, దీపములు, రొట్టె, ఉప్పు, నీరు ఉంచుదురు. దారి తెలియుటకై వాకిటినుండి బంతిపూల రేకులు చల్లుదురు. అవ్వ యింటి గోడకు అప్పటికి సిమెంటు పూసిరి. ఆమె తన తమ్ముని పటమును పెట్టెను. దాని ప్రక్కన, ఎవరి పటములు తన దగ్గఱ లేవో ఆ నాలుగు వీథుల అవతలివారి కొఱకు, ఒక నీళ్ల గ్లాసును పెట్టెను. పిమ్మట నావైపు తిరిగి "మీవారెవరు?" అని అడిగెను.

నా దగ్గఱ మా తాతగారి చిత్రపటము లేదు. ఒక కాగితముపై ఆయన పేరును తెలుగున వ్రాసి పూల నడుమ నుంచితిని. ఆమె ఆ గుండ్రని యక్షరములను వ్రేలితో తడిమి, ఎట్లు చదువవలెనని అడిగెను. చెప్పితిని. ఆ పేరు రేఫముతో మొదలగును. స్పానిషులో మాట మొదట వచ్చు రేఫమును శకటరేఫముగానే పలుకుదురు. అవ్వ రెండుమారులు గట్టిగా, నాలుక అదరునట్లు ఆ పేరును పలికెను. మా తాతగారు వినియుండినచో దిద్దియుందురో, మెచ్చియుందురో! ఆమె ఇంకొక గ్లాసుతో నీరు తెచ్చి ఆ కాగితము ప్రక్కన పెట్టెను.